నాట్ పెడితే నెట్ వస్తోంది, జెడ్ డ్రైవ్ పోతోంది

ప్రశ్న: నమస్కారం సార్. నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా చేస్తున్నాను. మా పట్టీలు, రైతుల ఖాతాలు అన్నీ ఒక పాత సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. అది విండోస్ 7లో తప్ప నడవదు. అందుకని పెద్ద కంప్యూటర్‌లో వర్చువల్‌బాక్స్ (ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) వేసి, దాంట్లో విండోస్ 7 పెట్టించారు. కాటా దగ్గర ఒక కంప్యూటర్, ముందు గదిలో ఒకటి ఉన్నాయి. ఆ రెండింటి నుంచి జెడ్ డ్రైవ్ ద్వారా అందులోకే ఎంట్రీలు వేస్తాం. ఈ మధ్య నెట్ కనెక్షన్ మార్చాం, కొత్త రౌటర్ వచ్చింది. పాత కేబుల్ ఎలుకలు కొరికేశాయని పెద్ద కంప్యూటర్‌ని వైఫైకి కలిపారు. ఆ రోజు నుంచి విండోస్ 7లో నెట్‌వర్క్ లేదు, మూల పసుపు త్రికోణం. బయట అదే కంప్యూటర్‌లో నెట్ బ్రహ్మాండంగా వస్తోంది. తెలిసిన కుర్రాడొకడు వచ్చి నాట్ అని ఏదో మార్చాడు, లోపల నెట్ వచ్చింది, కానీ జెడ్ డ్రైవ్ రావడం లేదు. ఇంకొకాయన మొత్తం తీసేసి విండోస్ కొత్తగా వేద్దాం అంటున్నాడు. సీజన్‌లో ఉన్నాం, షావుకారు గారు కోప్పడుతున్నారు, చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం:

ముందు ఆ కొత్తగా వేద్దాం అంటున్నాయన్ని ఆపండి, కాఫీ ఇప్పించి మర్యాదగానే పంపించేయండి. మీ విండోస్ 7కి ఏమీ కాలేదు. అది నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది, అసలు గొడవంతా అదే. చుట్టూ రౌటర్ మారింది, కేబుల్ పోయి వైఫై వచ్చింది, లోపలున్న దానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు దాన్ని తుడిచేసి కొత్త విండోస్ వేసినా అదే రౌటర్, అదే వైఫై, అదే సెట్టింగ్ ఎదురవుతాయి. పైగా ఆ పాత సాఫ్ట్‌వేర్ సీడీ ఎక్కడుందో, కీ ఎవరి దగ్గరుందో, వేసినాయన ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నాడో వెతుక్కోవాలి. సీజన్ మధ్యలో అలాంటి పని ఎవరైనా పెట్టుకుంటారా?

ఏమీ ముట్టుకోకముందు ఒక పని చేయండి. విండోస్ 7ని లోపలి నుంచే షట్‌డౌన్ చేయండి, సేవ్ స్టేట్ వద్దు, పూర్తిగా ఆపండి. ఆపాక దాని ఫోల్డర్ మొత్తాన్ని, మామూలుగా యూజర్ ఫోల్డర్‌లో వర్చువల్‌బాక్స్ వీఎమ్స్ అనే పేరుతో ఉంటుంది, అందులోది ఏమీ వదలకుండా ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేయండి. ఒక్క పెద్ద ఫైల్ మాత్రమే తీసుకుంటే చాలదు, ఎప్పుడైనా స్నాప్‌షాట్లు, అంటే ఆ రోజుకి మెషీన్ ఎలా ఉందో దాచి ఉంచేవి, తీసి ఉంటే అవి వేరే ఫైళ్లలో ఉంటాయి, అవి లేకపోతే ఆ పెద్ద ఫైల్ పాత తేదీ దగ్గర ఆగిపోయిన డేటా మాత్రమే చూపిస్తుంది. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ అవ్వకపోతే డ్రైవ్ పాడైందనుకోకండి. ఫ్యాట్ 32 ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్ 4 జీబీ దాటిన ఫైల్‌ని తీసుకోదు, ఎక్స్‌ఫ్యాట్‌కో ఎన్‌టీఎఫ్‌ఎస్‌కో ఫార్మాట్ చేస్తే తీసుకుంటుంది. ఆ కాపీ చేతిలో ఉంటే ఎవడేం నొక్కినా రైతుల ఖాతాలు ఎక్కడికీ పోవు. షావుకారు గారికి ముందు ఈ మాట చెప్పండి, సగం కోపం తగ్గుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ కుర్రాడు నాట్ పెట్టడం తప్పని అనను, లోపల నెట్ రావాలంటే అదే తేలిక దారి. కానీ మీకు కావాల్సింది లోపల నెట్ కాదు, పక్క కంప్యూటర్లు లోపలికి రావడం. ఈ రెండూ వేరు. నాట్ అంటే మీ కమీషన్ కొట్టు లాంటిదే అనుకోండి: రైతు సరుకు మీ పేరు మీద బయటికి పోతుంది, డబ్బు మీ ద్వారా తిరిగి వస్తుంది, కొనేవాడికి రైతు ఎవరో తెలియదు, నేరుగా అతని ఇంటికి పోయే దారీ ఉండదు. విండోస్ 7 బయటికి ఏం అడిగినా పెద్ద కంప్యూటర్ తన పేరు మీద అడిగి జవాబు తెచ్చిస్తుంది. కాటా దగ్గర కంప్యూటర్‌కి మాత్రం విండోస్ 7 అనేది ఒకటుందనే తెలియదు. నాట్‌లో ఉన్నప్పుడు లోపల ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో ఆ మెషీన్ అడ్రస్ నంబరు, చూడండి, 10.0.2.15 అని ఉంటుంది. వర్చువల్‌బాక్స్‌లో నాట్ పెట్టిన మెషీన్‌కి మామూలుగా వచ్చేది అదే, మీ కొట్లో అయినా విజయవాడ బీసెంట్ రోడ్డులో ఇంకెవరి కొట్లో అయినా. ఆ నంబరు కనిపించిందంటే నాట్‌లో ఉందని లెక్క.

పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే పెద్ద కంప్యూటర్‌కి వచ్చిన పిలుపుని లోపలికి మళ్లించడం, పెడితే నాట్‌లోనే పక్క కంప్యూటర్లు వస్తాయి కదా అని ఎవరైనా అనొచ్చు. మీ సాఫ్ట్‌వేర్ డేటాబేస్ సర్వర్‌తో నడిచేదైతే నిజమే. మీది జెడ్ డ్రైవ్, అంటే ఫైల్ షేరింగ్. అది 445 అనే పోర్ట్ మీద నడుస్తుంది. బయట ఉన్న విండోస్ ఆ పోర్ట్‌ని తన షేరింగ్ కోసం తానే పట్టుకుని కూర్చుంటుంది, కాబట్టి దాన్ని లోపలికి మళ్లించడం కుదరదు. మీకు బ్రిడ్జ్‌డ్ అడాప్టరే కావాలి, అంటే విండోస్ 7 కూడా నెట్‌వర్క్‌లో ఒక విడి కంప్యూటర్‌లా కనిపించే ఏర్పాటు. మొదట పెట్టినాయన అదే పెట్టి ఉంటాడు, అందుకే ఇన్నాళ్లూ నడిచింది.

మరి అదే ఉంటే నడవడం ఎందుకు మానేసిందంటే, నా అంచనాలో ఒకటి కాదు, రెండు కారణాలు ఒకేసారి వచ్చాయి. ఒకటి సరిచేసినా రెండోది పట్టుకుని ఉంటుంది. ఒకటి మార్చి చూసి, రాలేదని దాన్ని వెనక్కి తిప్పేసి, ఇంకోటి మార్చి చూసి, అదీ రాలేదని వెనక్కి తిప్పేస్తే రెండు మందులూ సరైనవే అయినా జబ్బు నయం కాదు. కాబట్టి నేను చెప్పే వరుసలో చేయండి, మొదటిది చేశాక ఫలితం కనపడకపోయినా అలాగే ఉంచండి.

మొదటి కారణం బ్రిడ్జ్ ఏ కార్డుకి కట్టి ఉందనేది. వర్చువల్‌బాక్స్‌లో ఆ మెషీన్ సెట్టింగ్స్ తెరిచి నెట్‌వర్క్‌లోకి వెళ్లండి. అటాచ్డ్ టు దగ్గర బ్రిడ్జ్‌డ్ అడాప్టర్ అని మార్చండి. దాని కిందే నేమ్ అని ఇంకో వరుస ఉంటుంది, అందరూ దాన్ని చూడకుండా వదిలేస్తారు. అక్కడ ఇంకా పాత ల్యాన్ కార్డు పేరే ఉంటుంది చూడండి. ఆ కార్డుకి ఇప్పుడు కేబుల్ లేదు, ఎలుకలు కొరికేశాయి కదా. విండోస్ 7 పాపం ఆ చచ్చిన కార్డు మీదే పిలుస్తూ కూర్చుంది. అక్కడ నొక్కితే వైఫై కార్డు పేరు కూడా కనిపిస్తుంది, వైర్‌లెస్ అనో వైఫై అనో ఉంటుంది. ప్రస్తుతానికి అది ఎంచుకోండి. అదే పేజీలో అడ్వాన్స్‌డ్‌లో కేబుల్ కనెక్టెడ్ అనే టిక్ కూడా ఉందో లేదో చూడండి, కుర్రాళ్లు అవీ ఇవీ నొక్కేటప్పుడు అది పోతుంటుంది. ఇదంతా మెషీన్ నడుస్తుండగానే మార్చుకోవచ్చు. అడాప్టర్ టైప్ అని ఒకటి ఉంటుంది, దాన్ని మాత్రం ముట్టుకోవద్దు. అది మారిస్తే విండోస్ 7 ఇదేదో కొత్త కార్డు అనుకుని లోకల్ ఏరియా కనెక్షన్ 2 అని ఇంకోటి తయారు చేస్తుంది, మీ పాత సెట్టింగులు కనపడని పాత కార్డు మీద ఉండిపోతాయి, మళ్లీ అదే ఐపీ ఇద్దామంటే ఇది వేరే కార్డుకి ఉందని అడ్డు చెబుతుంది.

నేమ్ దగ్గర వైఫై కార్డు అసలు కనపడకపోతే బయట కంప్యూటర్‌లో కంట్రోల్ ప్యానెల్‌కి వెళ్లి నెట్‌వర్క్ కనెక్షన్స్‌లో వైఫై ప్రాపర్టీస్ తెరవండి. ఆ జాబితాలో వర్చువల్‌బాక్స్ ఎన్‌డీఐఎస్ 6 బ్రిడ్జ్‌డ్ నెట్‌వర్కింగ్ డ్రైవర్ అనేది ఉండి టిక్ ఉండాలి. అదే లేకపోతే వర్చువల్‌బాక్స్‌ని దాని మీదే మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. కంగారు పడొద్దు, వర్చువల్‌బాక్స్ మళ్లీ వేసినంత మాత్రాన లోపలి విండోస్ 7 పోదు, దాని ఫైళ్లు వేరు.

ఇక రెండో కారణం ఐపీ. మీలాంటి చోట వేసినవాళ్లు విండోస్ 7కి ఐపీ అడ్రస్ స్థిరంగా ఇచ్చి వెళతారు. జెడ్ డ్రైవ్ ఎప్పుడూ అదే నంబరు కోసం వెతుకుతుంది, నంబరు మారితే దొరకదు, అందుకని. ఆ నంబరు పాత రౌటర్ వరసలోది. కొత్త రౌటర్ వరస వేరు. నాట్‌లో నెట్ వచ్చిందంటే కుర్రాడు ఆ స్థిరమైన నంబరు తీసేసి ఉంటాడు, అలాగైతే జెడ్ డ్రైవ్ వెతికే ఆ పాత నంబరునే మళ్లీ పెట్టించండి.

ఇది కళ్లతో చూడాలంటే, బయట కంప్యూటర్‌లో స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి, నల్ల పెట్టె వచ్చాక ఐపీకాన్ఫిగ్ అని మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. ఐపీవీ 4 అడ్రస్, డీఫాల్ట్ గేట్‌వే (బయటికి దారి, అంటే రౌటర్ నంబరు) అనే రెండు నంబర్లు కాగితం మీద రాసుకోండి. విండోస్ 7 లోపల కూడా అదే పని చేసి అక్కడి నంబర్లు పక్కన రాయండి. ఉదాహరణకి బయట 192.168.0.105, గేట్‌వే 192.168.0.1 అని ఉండి, లోపల 192.168.1.50, గేట్‌వే 192.168.1.1 అని ఉందనుకుందాం. మూడో అంకె చూడండి, బయట 0, లోపల 1. మామూలు సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 ఉన్నప్పుడు మొదటి మూడూ కలవాలి, చివరిది మాత్రం వేరుగా ఉండాలి. కలవలేదంటే ఒకే గదిలో ఉన్నా ఒకదానికొకటి నేరుగా మాట్లాడుకోలేవు. మీ దగ్గర నంబర్లు వేరేవి ఉండొచ్చు, పట్టించుకోకండి, చూడాల్సిందల్లా కలిశాయా లేదా అని.

లోపల 169.254తో మొదలయ్యే నంబరు కనిపిస్తే లెక్క వేరు. అంటే అక్కడ స్థిరమైన ఐపీ లేదు. ఎవరైనా ఇవ్వండి అని విండోస్ అడిగింది, ఎవరూ జవాబు చెప్పలేదు, చేసేది లేక తనకు తానే ఒక నంబరు పెట్టుకుంది. అలా ఉంటే మళ్లీ బ్రిడ్జ్ దగ్గరికే వెళ్లండి, తప్పు అక్కడే.

ఐపీ కలవనప్పుడు అందరూ చేసేది విండోస్ 7 లోపల నంబరు మార్చడం. మార్చొచ్చు, పని చేస్తుంది, కానీ ఆ తర్వాత కాటా దగ్గర కంప్యూటర్‌లోనూ ముందు గదిలోనూ జెడ్ డ్రైవ్ తీసేసి కొత్త నంబరుతో మళ్లీ పెట్టాలి, ప్రింటర్‌కి స్థిరమైన ఐపీ ఉంటే దాన్నీ మార్చాలి, సాఫ్ట్‌వేర్ తన సెట్టింగ్ ఫైల్‌లో ఎక్కడో పాత నంబరు రాసి పెట్టుకుని ఉంటే దాన్ని వెతకాలి. నన్నడిగితే కొట్లో అన్నిటినీ మార్చే బదులు రౌటర్‌ని ఒక్కదాన్ని మార్చండి. కొత్త రౌటర్ పేజీలోకి లాగిన్ అయితే ల్యాన్ సెట్టింగ్స్ అని ఉంటుంది. అక్కడ రౌటర్ సొంత ఐపీని పాత రౌటర్‌ది ఏదైతే అదే పెట్టండి, మన ఉదాహరణలో 192.168.1.1. అదేదో గుర్తులేకపోతే విండోస్ 7 లోపల గేట్‌వే దగ్గర రాసి ఉన్నదే అది. సేవ్ చేయగానే రౌటర్ ఒకసారి ఆగి మళ్లీ లేస్తుంది, పేజీ తెరుచుకోవడం మానేస్తుంది, అది సహజమే, ఇకమీదట కొత్త అడ్రస్‌తో తెరవాలి. కంప్యూటర్లన్నీ వైఫై ఆపి మళ్లీ కలిపితే పాత వరసలోకి వచ్చేస్తాయి. విండోస్ 7 కొత్త రౌటర్‌ని పాతదే అనుకుని పని మొదలుపెడుతుంది, జెడ్ డ్రైవ్ ముట్టుకోనక్కర్లేదు.

అక్కడే డీహెచ్‌సీపీ అనే భాగంలో రౌటర్ తానుగా పంచే నంబర్లు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అని ఉంటుంది. దాన్ని 100 నుంచి 200 అని పెట్టండి. లేకపోతే ఏదో ఒకరోజు టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క చెప్పడానికి వచ్చినవాళ్లెవరో వైఫై కలుపుకుంటారు, రౌటర్ వాళ్ల ఫోన్‌కి సరిగ్గా ఆ 50నే ఇచ్చేస్తుంది, మీ జెడ్ డ్రైవ్ మధ్యాహ్నం పోయి సాయంత్రం వాళ్లు వెళ్లాక వస్తుంది, ఎవరికీ కారణం అంతుపట్టదు. ఈ ఒక్క అంకె మార్చడానికి సోమరితనం పడి నెలల తరబడి ఇబ్బంది పడే ఆఫీసులు చాలా ఉంటాయి.

ఒక చిక్కు ఉండొచ్చు. ఫైబర్ పెట్టె ఒకటి, దాని వెనక వైఫై రౌటర్ ఇంకొకటి, ఇలా రెండు పెట్టెలు ఉన్నాయా మీ దగ్గర? ఉంటే రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే ఫైబర్ పెట్టె వైపు ఉన్న నంబరు, ఏముందో చూడండి. అదీ 192.168.1తోనే మొదలైతే రౌటర్‌కి ముందూ వెనకా ఒకే వరస పెట్టినట్టవుతుంది, అలా పెట్టకూడదు, నెట్ మొత్తం ఆగిపోతుంది. అప్పుడు, లేదా రౌటర్ పాస్‌వర్డ్ మీకు ఇవ్వకపోతే, ఇష్టం లేకపోయినా విండోస్ 7 లోపల నంబరు మార్చే దారే పట్టాలి: కంట్రోల్ ప్యానెల్, నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్, చేంజ్ అడాప్టర్ సెట్టింగ్స్, లోకల్ ఏరియా కనెక్షన్ ప్రాపర్టీస్, అందులో ఐపీవీ 4. మొదటి మూడు అంకెలు బయట కంప్యూటర్‌వి, చివర 50 అలాగే ఉంచండి, గేట్‌వే కొత్త రౌటర్‌ది.

ఇప్పుడు విండోస్ 7 నల్ల పెట్టెలో పింగ్ అని కొట్టి, ఖాళీ ఇచ్చి, రౌటర్ ఐపీ కొట్టండి. జవాబు వస్తే బ్రిడ్జీ ఐపీ రెండూ బాగున్నట్టే. డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్ అని తన సొంత నంబరు నుంచే వస్తే పిలుపు గడప దాటలేదని అర్థం, బ్రిడ్జ్ మళ్లీ చూడండి. పక్క కంప్యూటర్‌ని పింగ్ చేసి రాలేదని మాత్రం నిరుత్సాహపడకండి. విండోస్ ఫైర్‌వాల్ చాలాసార్లు పింగ్‌కి జవాబు చెప్పనివ్వదు, అటువైపు అంతా బాగున్నా మౌనంగా ఉంటుంది. రౌటర్‌ని అడగడమే నమ్మకమైన పరీక్ష.

పింగ్ వచ్చినా జెడ్ డ్రైవ్ రాలేదా? ఇక్కడే ఎక్కువమంది చేతులెత్తేస్తారు. విండోస్ 7 ఒక నెట్‌వర్క్‌ని గుర్తుపట్టేది రౌటర్‌ని చూసి. రౌటర్ మారింది కాబట్టి, ఐపీ అదే పెట్టినా, ఇదేదో కొత్త చోటు అనుకుని ఇది ఇల్లా, ఆఫీసా, బయటి చోటా అని ఒక పెట్టె చూపించి అడుగుతుంది. కంగారులో ఎవరైనా పబ్లిక్ నెట్‌వర్క్ అని నొక్కి ఉంటే ఫైల్ షేరింగ్‌ని మూసేస్తుంది. నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్ తెరిచి, అక్కడ పబ్లిక్ నెట్‌వర్క్ అని నీలంగా ఉంటే దాని మీద నొక్కి వర్క్ నెట్‌వర్క్ అని మార్చండి. మీకు అవసరమైన ఆఖరి మెలిక ఇదే అయ్యే అవకాశం ఎక్కువ.

వైఫై విషయం. పైన ప్రస్తుతానికి వైఫై ఎంచుకోండి అన్నాను, ఆ ప్రస్తుతానికి అనే మాట కావాలనే అన్నాను. కేబుల్ మీద బ్రిడ్జ్ పెడితే విండోస్ 7 తన సొంత మ్యాక్ అడ్రస్‌తో (నెట్‌వర్క్ కార్డుకి ఉండే గుర్తింపు నంబరు), వర్చువల్‌బాక్స్ మామూలుగా ఇచ్చేది 08-00-27తో మొదలవుతుంది, రౌటర్‌కి విడి కంప్యూటర్‌లాగే కనిపిస్తుంది. వైఫైలో అది కుదరదు, ఒక వైఫై కార్డు పేరు మీద ఇంకో మ్యాక్ అడ్రస్ మాట్లాడితే రౌటర్ ఒప్పుకోదు. అందుకని వర్చువల్‌బాక్స్ విండోస్ 7 పంపే ప్రతిదాని మీదా బయట కంప్యూటర్ మ్యాక్ అడ్రస్ అతికించి పంపుతుంది, తిరిగి వచ్చినవాటిలో ఎవరివి ఎవరివో ఐపీ చూసి విడదీస్తుంది. తెలివైన ఏర్పాటే, చాలా రౌటర్లతో నడుస్తుంది, కొన్నిటితో మొండికేస్తుంది. నడిచినా, ఇద్దరు మనుషులు రోజంతా పట్టీలు కొట్టే డేటా వైఫై మీద ఉండటం నాకు నచ్చదు. ఎంట్రీ వేస్తుండగా సిగ్నల్ ఒక్క క్షణం తెగితే ఇలాంటి పాత సాఫ్ట్‌వేర్లు ఫైల్‌ని సగంలో వదిలేస్తాయి. అరండల్‌పేటలోనో బ్రాడీపేటలోనో ఒక క్యాట్ 6 కేబుల్ తెప్పించి, ఈసారి పీవీసీ పైపులోంచి లాగించండి, ఎలుకల సంగతి మిరపకాయల గోదాముల మధ్య ఉన్న మీకు నేను చెప్పాలా. 100 మీటర్ల లోపు ఎంత దూరమైనా పరవాలేదు. కేబుల్ పెట్టిన రోజు బ్రిడ్జ్ దగ్గర నేమ్ మళ్లీ ల్యాన్ కార్డుకి మార్చడం మరిచిపోకండి, లేకపోతే ఈ కథ మళ్లీ మొదటికొస్తుంది.

కొన్ని కొట్లలో వచ్చినవాళ్ల కోసం గెస్ట్ వైఫై అని వేరేగా పెడతారు. మీ కంప్యూటర్లలో ఏదైనా దాంట్లో కలిసి ఉంటే పక్కదానితో మాట్లాడనివ్వదు, దాని పనే అది. కాటా దగ్గర కంప్యూటర్ ఏ పేరు వైఫైలో ఉందో ఒకసారి చూడండి.

ఇప్పుడు మీరు అడగనిది ఒకటి చెబుతాను, కోపం తెచ్చుకోకండి. విండోస్ 7లో నెట్ పోయిందని బాధపడుతున్నారు, నేనైతే అక్కడ నెట్ రాకుండా చేస్తాను. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14తో సపోర్ట్ ఆపేసింది, క్రోమ్ కూడా 2023లో 109వ వెర్షన్‌తో దాన్ని వదిలేసింది. డబ్బు కట్టి సపోర్ట్ పొడిగించుకున్న సంస్థలకి తప్ప ఆ తర్వాత బయటపడ్డ కన్నాలు పూడ్చలేదు. 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వానక్రై వైరస్ వచ్చినప్పుడు ఎక్కువగా దెబ్బతిన్నవి విండోస్ 7 మెషీన్లే, అది పాకింది సరిగ్గా మీరు వాడుతున్న ఈ ఫైల్ షేరింగ్ దారిలోనే. దానికి మందు ఆ ఏడాది మార్చిలోనే వచ్చింది, వేసుకోనివాళ్లు పోగొట్టుకున్నారు. మీ విండోస్ 7లో వేశారో లేదో ఎవరు చూశారు? రైతుల ఖాతాలన్నీ అందులో పెట్టుకుని, అదే మెషీన్‌లో బ్రౌజర్ తెరిచి మెయిల్ చూడటం అంత ప్రమాదం ఇంకోటి లేదు. జీఎస్టీ పోర్టల్, బ్యాంకు, ఈ-నామ్, మెయిల్, ఇవన్నీ బయట కంప్యూటర్‌లో చేసుకోండి. లోపల పట్టీల పని ఒక్కటే.

ఎలా ఆపాలంటే, కేబుల్ పెట్టాక రౌటర్‌లో పేరెంటల్ కంట్రోల్ అనో యాక్సెస్ కంట్రోల్ అనో ఉన్నచోట ఆ 08-00-27 మ్యాక్ అడ్రస్‌కి ఇంటర్నెట్ ఆపేయండి. కొట్లో కంప్యూటర్లు దాన్ని చూస్తూనే ఉంటాయి, బయటి ప్రపంచం మాత్రం ఉండదు. వైఫై మీద ఉన్నంతకాలం ఇది కుదరదు, రెండిటికీ ఒకే మ్యాక్ కనిపిస్తుంది కాబట్టి బయట కంప్యూటర్‌కి కూడా నెట్ పోతుంది. కేబుల్ తెప్పించమనడానికి ఇంకో కారణం ఇది. గేట్‌వే ఖాళీగా వదిలేస్తే చాలు కదా అని కొందరు చెబుతారు. బయటికి దారి మూసుకుపోవడం నిజమే, కానీ గేట్‌వే లేని నెట్‌వర్క్‌ని విండోస్ 7 గుర్తుపట్టలేక పబ్లిక్ కింద వేస్తుంది, దాంతో షేరింగ్ మూసుకుపోతుంది, మీరు మళ్లీ నాకు ఉత్తరం రాయాల్సొస్తుంది. గేట్‌వే ఉంచే రౌటర్‌లో ఆపండి. అప్పుడు మూల పసుపు త్రికోణం ఎప్పటికీ అలాగే ఉంటుంది. దానర్థం ఇంటర్నెట్ లేదని మాత్రమే, కొట్లో నెట్‌వర్క్ లేదని కాదు. మీ మెషీన్‌కి అది ఉండటమే మంచిది, షావుకారు గారికి కూడా ముందే చెప్పి ఉంచండి.

అన్నీ సరిగ్గా నడుస్తున్నా అప్పుడప్పుడు, ముఖ్యంగా పెద్ద కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్లి లేచినప్పుడు, బ్రిడ్జ్ మొద్దుబారిపోతుంది. రీస్టార్ట్ అక్కర్లేదు. కేబుల్ కనెక్టెడ్ టిక్ తీసి ఓకే కొట్టి, మళ్లీ పెట్టి ఓకే కొట్టండి. నిజం కేబుల్ పీకి పెట్టినట్టే అవుతుంది. అసలు ఆ కంప్యూటర్‌కి స్లీప్ ఆపేయండి, రెండు కంప్యూటర్లు దాని మీద ఆధారపడుతుంటే అది నిద్రపోవడమేంటి? యూపీఎస్ కంప్యూటర్‌కే కాకుండా రౌటర్‌కి కూడా ఉండాలి, కరెంటు పోయినప్పుడు కంప్యూటర్ బతికి రౌటర్ చస్తే జెడ్ డ్రైవ్‌కి రెండూ పోయినట్టే.

ఆ సాఫ్ట్‌వేర్‌నే మార్చేయడం, కొత్త విండోస్ మీద నడిచేది తెచ్చుకోవడం లాంటి పెద్ద పనులు ఇప్పుడు తలపెట్టకండి. ఎండాకాలం యార్డుకి సెలవులిచ్చినప్పుడు తీరిగ్గా చూసుకోవచ్చు. ఇవాళ చేయాల్సింది కాపీ, బ్రిడ్జ్ నేమ్, రౌటర్ ఐపీ, వర్క్ నెట్‌వర్క్, అంతే. కాస్త కంప్యూటర్ తెలిసినవాళ్లెవరైనా పక్కనుంటే పొద్దున కాటాలు మొదలయ్యేలోపు అయిపోతుంది. ఆ నాట్ పెట్టిన కుర్రాడినే పిలవండి, వాడు కనీసం ఏదో ఒకటి ఆలోచించి చేశాడు.

అప్పటికీ రాకపోతే బయట కంప్యూటర్‌లో ఐపీ, గేట్‌వే, లోపల ఐపీ, గేట్‌వే, బ్రిడ్జ్ నేమ్ దగ్గర ఏముందో, రౌటర్‌ని పింగ్ చేస్తే వచ్చిన నాలుగు వరసలు, జెడ్ డ్రైవ్ తెరిస్తే వచ్చే ఎర్రర్ నంబరు రాసి పంపండి. పాస్‌వర్డ్‌లు మాత్రం పంపొద్దు.